మన పిల్లలకు కొండదారి చూపిద్దాం

డబ్లిన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల శని, ఆదివారాలు ఎలా గడుస్తాయో మనందరికీ తెలిసిందే. శనివారం పొద్దున ఈత, కాకపోతే లెక్కల ట్యూషన్. మధ్యాహ్నం తెలుగు బడి. సాయంత్రం ఎవరింట్లోనో పుట్టినరోజు. ఆదివారం కూచిపూడి, కీబోర్డు, ఇండియన్ స్టోరు, వారానికి సరిపడా వంట. వీటిలో ఏదీ అనవసరమని మేము అనము. తెలుగు బడి నడుపుతున్న మేమే ఆ మాట అంటే అందరూ నవ్విపోతారు! అయితే ఈ జాబితాలో ఎన్నడూ చోటు దొరకనిది ఒకటుంది. మబ్బు లేని రోజున ఊళ్ళో చాలా చోట్ల నుంచి దక్షిణం వైపు కనిపించే కొండలు.

ఆ కొండల అడవుల్లో సైకిలు తొక్కడానికే ప్రత్యేకంగా వేసిన దారులున్నాయి. మౌంటెన్ బైక్ ట్రైల్స్ అంటారు. మన పిల్లలు, అందులోనూ మన ఆడపిల్లలు, ఆ దారుల్లో సైకిలు తొక్కాలనీ, ఆ అడవి నియమాలు నేర్చుకుని మరీ తొక్కాలనీ మా అభిప్రాయం.

ముందు ఆ దారుల సంగతి చెబుతాం. ఎం 50 మీద 13వ ఎగ్జిట్ దగ్గర దిగి కొండవైపు తిరిగితే కొద్దిసేపట్లో టిక్‌నాక్ అడవి వస్తుంది. పైన టీవీ టవర్లతో కనిపించే కొండ త్రీ రాక్, ఎత్తు 444 మీటర్లు. ఇంకొంచెం దూరం వెళ్ళగలిగితే విక్లో జిల్లాలో రౌండ్‌వుడ్ దగ్గర బాలినాస్టో అడవి ఉంది. ఈ రెండూ ప్రభుత్వ అటవీ సంస్థ కోల్‌చ అధీనంలోవి. 1989లో మొదలైన ఈ సంస్థ పేరుకు ఐరిష్‌లో 'అడవులు' అనే అర్థం. ఈ దారులు కాలిబాటల్లాంటివి కావు. నీరు నిలవకుండా వాలు చూసి, రాళ్ళు పరిచి, మలుపుల దగ్గర బయటి అంచు ఎత్తుగా కట్టి, ఎదురెదురుగా సైకిళ్ళు రాకుండా ఒకే దిశలో నడిపిస్తారు. ఎంత కష్టమైన దారో రంగు చూసి తెలుసుకోవచ్చు. ఆకుపచ్చ అన్నిటికన్నా తేలిక. తర్వాత నీలం, ఎరుపు. నలుపు ఆరితేరిన వాళ్ళకు మాత్రమే.

ఈ అడవుల కథ కూడా పిల్లలకు చెప్పదగినదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐర్లండ్‌లో అడవి నూటికి ఒక వంతు మాత్రమే మిగిలింది. నాటగా నాటగా 2022 లెక్కల నాటికి 11.6 శాతానికి చేరింది. నాటినవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది సిట్కా స్ప్రూస్. అది ఉత్తర అమెరికా పడమటి తీరం నుంచి వచ్చిన చెట్టు. మనలాగే వలస వచ్చి ఇక్కడి వానకు అలవాటు పడింది!

ఇప్పుడు నియమాల మాట. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు నగరంలోనే ఉన్న కె.బి.ఆర్. నేషనల్ పార్కు తెలుసు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఆ అడవి మనకు పొద్దున్నే వాకింగ్ చేసే చోటు. అక్కడ లోపల ఏది చేయవచ్చో, ఏది కూడదో నిబంధనలున్నాయి. ఇక్కడా అంతే. డబ్లిన్ పక్కనే 1991లో ఏర్పడిన విక్లో మౌంటెన్స్ నేషనల్ పార్కు ఇరవై వేల హెక్టార్లకు మించి విస్తరించి ఉంది. కానీ ఆ పార్కులో రోడ్డు వదిలి కొండ మీద సైకిలు తొక్కడానికి అనుమతి లేదు. సైకిలు దారులు పార్కు బయట, నాటిన అడవుల్లోనే ఉన్నాయి.

ఎందుకీ తేడా? పార్కులో చాలా భాగం పీట్ నేల. నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళకుండా నీళ్ళలో పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన మెత్తటి నల్లమట్టి అది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే ఒక మీటరు మందం పట్టడానికి వెయ్యేళ్ళు! దాని మీద చక్రాలు పదేపదే ఒకే చోట నడిస్తే గాడి పడుతుంది, వాన నీరు ఆ గాడిలో పరుగెత్తి దాన్ని కాలువ చేస్తుంది, మట్టి కొట్టుకుపోతుంది. లిఫీ నది పుట్టింది ఆ కొండల మీది బురదనేలలోనే. ఆ నది మీద కట్టిన పౌలాఫూకా జలాశయం నుంచే డబ్లిన్ ఇళ్ళ కుళాయిలకు నీళ్ళు వస్తున్నాయి. మనం పప్పులో పోసుకునే నీళ్ళు ఆ కొండ దాచి ఇచ్చినవి. ఈ సంగతి తెలిసిన పిల్లవాడికి "గీత దాటకు" అని వేరే చెప్పనక్కర్లేదు.

నియమం పాటించకపోతే ఏమవుతుందో ఈ ఆట పుట్టినచోటే తెలిసింది. 1970లలో కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి టామల్పయస్ కొండ మీద కుర్రాళ్ళు పాత సైకిళ్ళతో మట్టిదారుల్లో దూకుడుగా దిగడంతో మౌంటెన్ బైకింగ్ పేరుకెక్కింది. తర్వాత నడిచేవాళ్ళకూ, గుర్రాల మీద వచ్చేవాళ్ళకూ, సైకిళ్ళవాళ్ళకూ తగాదాలు పెరిగి, అక్కడి ఇరుకు దారుల్లో చాలావాటిలో సైకిళ్ళను నిషేధించారు. ఐర్లండ్‌లో ఎవరి భూమిలోనైనా తిరిగే హక్కు చట్టంలో లేదు. కోల్‌చ అడవుల తలుపులు తెరిచి ఉంచింది కాబట్టి మనం వెళుతున్నాం. తెరిచిన తలుపును తెరిచి ఉంచడం లోపలికి వెళ్ళినవాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఇక తల్లిదండ్రుల భయాలు. "పడితే?" అన్నది మొదటి ప్రశ్న. పడతారు. మోకాలు గీరుకుంటుంది. అందుకే మెట్టు మెట్టుగా వెళ్ళాలి. మొదట ఫీనిక్స్ పార్కు చాలు. 707 హెక్టార్ల పార్కు, సైకిలు బాటలు, దారి పక్కన జింకలు. తర్వాత మేనూత్ నుంచి లాంగ్‌ఫర్డ్ వైపు వెళ్ళే రాయల్ కెనాల్ గ్రీన్‌వే. 2021లో ప్రారంభమైన ఆ 130 కిలోమీటర్ల దారిలో మనకు పది చాలు. బ్రేకు మీద, గేరు మీద చెయ్యి కుదిరాకే టిక్‌నాక్. అక్కడి దారులు కొత్తగా నేర్చుకునేవారికి కావు. సైకిలు కొనేయనక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది. హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం చెప్పకపోయినా, తల్లిగా తండ్రిగా మనం చెప్పాలి. కొండ మీద ఎవరికైనా దెబ్బ తగిలితే 112 లేదా 999కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగాలి. డబ్లిన్, విక్లో కొండల్లో ఆ పని చేసేది స్వచ్ఛంద సేవకులే. ఈ నంబర్లు, ఈ మాట పిల్లలకు బట్టీ పట్టించండి.

రెండో భయం మొన్నటిది. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయులపై దాడులు జరిగాయి. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని ప్రకటన చేసింది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో పిల్లల్ని వీధిలోకి పంపడానికి వెనకాడారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసేసే హక్కు మాకు లేదు. ఒంటరిగా, చీకటి పడ్డాక వెళ్ళమని మేము చెప్పడం లేదు. నాలుగైదు కుటుంబాలు కలిసి, పగటిపూట, పెద్దలతో వెళదాం. అయితే తలుపులు వేసుకోవడమే అలవాటైపోతే, ఇక్కడే పుట్టిన మన పిల్లలు ఈ ఊరికి చుట్టాల్లాగే మిగిలిపోతారు. 2022 జనాభా లెక్కల్లో ఈ దేశంలో భారత పౌరులు 45 వేల పైచిలుకు. అంతమంది ఉన్నా కొండదారిలో మన ముఖాలు కనిపించడం అరుదు. ఎదురైనవాళ్ళకు "హలో" చెప్పి, దారి ఇచ్చి, పంక్చరయితే పంపు అందించే చోట పరిచయాలు తొందరగా కలుస్తాయి.

మూడోది ఎవరూ పైకి చెప్పని సంగతి. మన ఇళ్ళలో పన్నెండేళ్ళు దాటగానే అమ్మాయి సైకిలు షెడ్డులోకి చేరుతుంది. "నల్లబడిపోతుంది", "దెబ్బ తగిలితే మచ్చ పడుతుంది", "ఆ వయసులో ఇంకా ఏమిటి" అని కారణాలు. తమ్ముడి సైకిలు మాత్రం బయటే ఉంటుంది! ఆడపిల్లలు హైస్కూలు మానకుండా ఉండాలని 2006లో బీహార్ ప్రభుత్వం సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచారు. అక్కడ పల్లెల్లో అమ్మాయిని ముందుకు నడిపిన సైకిలును ఇక్కడ మనం అదే వయసులో ఆపేయడం న్యాయమేనా? ఎర్ర రంగు దారి దిగి, ఒళ్ళంతా బురదతో నవ్వుతూ వచ్చిన అమ్మాయికి తన కాళ్ళ మీద, తన నిర్ణయం మీద కలిగే నమ్మకం ఏ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులోనూ దొరకదు.

అందరూ విజేతలు కావాలని మా ఉద్దేశం కాదు. అయినా పిల్లలకు తెలియాల్సిన పేర్లు రెండున్నాయి. టిక్‌నాక్ కింద ఉన్న డండ్రమ్‌కు చెందిన స్టీఫెన్ రోష్ 1987లో ఒకే ఏడాది జీరో డిటాలియా, టూర్ డి ఫ్రాన్స్, ప్రపంచ చాంపియన్‌షిప్ మూడూ గెలిచాడు. డబ్లిన్ కుర్రాడు గ్రెగ్ కాలహన్ 2015లో విక్లోలో జరిగిన ఎండ్యూరో వరల్డ్ సిరీస్ పోటీలో సొంత జనం ముందు మొదటివాడిగా నిలిచాడు.

ఇంతకీ తెలుగు బడికి ఈ గొడవెందుకు అంటారా? టిక్‌నాక్ పేరులోని 'క్నాక్' అంటే ఐరిష్‌లో కొండ. స్కూల్లో ఐరిష్ చదివే మన పిల్లలకు అది తెలుసు. మరి తెలుగులో? మిట్ట, పల్లం, గుట్ట, లోయ, వాగు, మలుపు, గులకరాయి, నాచు, జారుడు, ఆయాసం. ఈ మాటలను క్లాసులో పలక మీద రాయించి నేర్పాలంటే మాకు ఒక టర్మ్ పడుతుంది. కొండదారిలో ఒక్క మధ్యాహ్నం చాలు. "ముందు పల్లముంది, బ్రేకు పట్టు!" అని అమ్మ అరిచిన మాటను ఏ పిల్లవాడూ మర్చిపోడు.

అందుకని మా ప్రతిపాదన ఇది. వచ్చే ఏడాది నుంచి టర్ముకు ఒక ఆదివారం కొండకు వెళ్ళే రోజుగా పెట్టుకుందాం. చిన్నపిల్లలు ఫీనిక్స్ పార్కులో, పెద్దపిల్లలు టిక్‌నాక్‌లో. పులిహోర డబ్బాలు తెచ్చుకుందాం, ఖాళీ డబ్బాలు తిరిగి ఇంటికే తీసుకెళదాం. సైకిలు రాని నాన్నలు, అమ్మలు సిగ్గుపడకండి, మీకూ ఆకుపచ్చ దారి ఉంది. ముందుగా షెడ్డులో ఉన్న మీ అమ్మాయి సైకిలుకు గాలి కొట్టించండి.