మా ఇంటి కసరత్తు

ఈ నెల కసరత్తు గురించి వ్రాస్తానని మొన్న మన సంఘం సమావేశంలో నోరు జారాను. నాలుగేళ్ళుగా ప్రొద్దున్నే రేస్‌కోర్సు చుట్టూ తిరిగి, పొట్ట తగ్గించుకొని, కొత్త పెండ్లికొడుకులా చొక్కా లోపలికి దోపుకొని తిరుగుతున్నాను గదా, నలుగురికీ నాలుగు మంచిమాటలు చెబుదామనుకున్నాను. తీరా కాగితం ముందు పెట్టుకొని కూర్చుంటే, ఈ కథలో సగం నాకు అనుకూలంగా లేదు. మాట ఇచ్చాను కాబట్టి రెండు సగాలూ చెబుతాను.

నాకు యాభై రెండో ఏట రక్తపరీక్ష చేసిన డాక్టరుగారు, "షుగరు మీ గడప దాకా వచ్చి నిలబడింది, ఇంకా లోపలికి రాలేదు" అన్నారు. మందు ఇవ్వలేదు. నడవమన్నారు, తిండి మార్చమన్నారు. నడిస్తే పోయేదానికి ఇంత పెద్ద ఆసుపత్రులెందుకండీ అని నేను అడిగాను. ఆయన నవ్వి చెన్నపట్నంలో జరిగిన ఒక పరిశోధన సంగతి చెప్పారు. 2006లో దాని ఫలితాలు ప్రకటించారు. నాలాగే గడప దగ్గర ఉన్నవాళ్ళు 531 మందిని తీసుకొని మూడేళ్ళు చూచారు. మామూలు సలహా మాత్రమే విన్నవాళ్ళలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. రోజూ అరగంటైనా నడిచి, తిండి సరిచేసుకొన్నవాళ్ళలో అది 39కి తగ్గింది. మాత్ర మింగినవాళ్ళలో 40 చిల్లర. అంటే నడక మాత్రకు తీసిపోలేదన్నమాట. నడిచినవాళ్ళలో కూడా 39 మందికి వచ్చిందన్న మాట మనం సాధారణంగా చెవిని పెట్టం. నడక తాయెత్తు కాదు.

అసలు మా వంశంలో కసరత్తు అనే మాటే లేదు. మా తాత కపిల తోలినవాడు. ఎద్దుల వెంట ముందుకూ వెనక్కీ ఆయన నడిచిన దూరం లెక్కవేస్తే కాశీకి పదిసార్లు పోయి రావచ్చు. ఈ ఊరికి 1888లోనే స్టేన్స్ మిల్లు వచ్చినా, 1932లో పైకారా కరెంటు వచ్చిన తరువాతే మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. మా నాన్న అట్లాంటి ఒక మిల్లులో చేరాడు. ఎనిమిది గంటలూ కాళ్ళమీద నిలబడి పని. నన్ను చదివించారు గనుక నేను లెక్కలు వ్రాసే గుమాస్తాగా కుర్చీలో కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. తిండి చూస్తే అది తలక్రిందులు. తాతకు సజ్జ సంగటి, జొన్న కూడు, రాగి అంబలి. బియ్యపు అన్నం పండుగనాటి మాట. నాకు ప్రొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోసె, అంటే మూడు పూటలా బియ్యమే.

కూర్చోవడం వల్ల ఏమౌతుందో చెప్పడానికి బస్సు కథ ఒకటి ఉంది. బస్సు సంగతి మన కోయంబత్తూరు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య తన మొదటి బస్సును తానే నడిపిన జి.డి. నాయుడుగారి ఊరు మనది. ఈ కథ మాత్రం లండను బస్సులది. జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూచి 1953లో ప్రకటించారు. ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే పొగ. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లకోసం మేడబస్సు మెట్లు వందలసార్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చింది, వచ్చినా అంత ఉగ్రంగా రాలేదు. అయితే ఆ డాక్టరు నిజాయితీపరుడు. మూడేళ్ళ తరువాత యూనిఫారాల కొలతలు తీయించి చూస్తే, డ్రైవర్ల నడుములు మొదటినుంచీ కాస్త లావేనని తేలింది. అదీ ఆయనే ప్రకటించారు. తమ లెక్కలో లోపాన్ని తామే వెతికి పదిమందికీ చెప్పే మనుషులంటే నాకు గౌరవం.

సరే, నా కసరత్తు. మొదట నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, మా వీధి చివర వ్యాయామశాలలో చేరి, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ పక్కన నిలబడి వాళ్ళు ఎత్తిన బరువు ఎత్తబోవడం. చిన్నప్పుడు మా తాత వీరఘట్టం కోడి రామమూర్తిగారి కథలు చెప్పేవాడు. గొలుసులు తెంచిన మనిషి, అదీ శాకాహారి. ఆ కథలు విన్న చెవులకు ఇరవై కిలోలు ఏ మూలకు? పన్నెండో రోజు నడుము పట్టేసింది. మూడు వారాలు మంచం మీద వెల్లకిల పడుకొని దూలాలు లెక్కపెట్టాను. ముప్పై ఏళ్ళ బాకీ ఒక్క నెలలో తీరుస్తానంటే శరీరం పుచ్చుకోదు. దానికి రోజువారీ వసూలే కావాలి.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రేస్‌కోర్సు బాటలో సగం చుట్టు మాత్రమే నడిచాను. చుట్టు పూర్తిగా తిరిగితే రెండున్నర కిలోమీటర్లు. రెండు నెలలకు చుట్టు పూర్తయింది, ఆర్నెల్లకు రెండు చుట్లయ్యాయి. వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు వెచ్చబడేలా కదలాలనీ, రెండు రోజులు కండరాలకు పని పెట్టాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ రెండో భాగాన్ని నడిచేవాళ్ళు చాలామంది వదిలేస్తారు. మనం తిన్న అన్నం చక్కెరై రక్తంలోకి వస్తే, దాన్ని ఎక్కువ భాగం లోపలికి తీసుకొనేది కండరాలే. వయసుతోపాటు అవి కరిగిపోతే చక్కెరకు పోయే చోటుండదు. అందుకని కుర్చీలోంచి చేయి ఆనించకుండా పదిహేనుసార్లు లేవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం మొదలుపెట్టాను. ఆదివారం ఆదివారం బరువూ నడుము కొలతా ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

తిండి సంగతికి వస్తే అక్కడా ఒక బోర్లా పడ్డాను. రాగి మంచిదన్నారు. మంచిదే, బియ్యంలో కంటే ముప్పై రెట్లకు పైగా కాల్షియం ఉంది. నేను ప్రొద్దున్నే పెద్ద లోటాతో రాగి జావ, అందులో గుప్పెడు బెల్లం వేసుకొని త్రాగి, తాతముత్తాతల బలం తెచ్చుకొన్నానని మురిసిపోయేవాణ్ణి. మా అబ్బాయి కొనిచ్చిన గ్లూకోమీటరుతో ఒకరోజు చూచుకొంటే ఇడ్లీ తిన్నప్పటికంటే ఎక్కువ చూపింది. మెత్తగా విసిరి, జావ కాచి, బెల్లం కలిపితే అది రాగి అయితేనేం, ఇంకొకటి అయితేనేం?

పూర్వుల తిండి అంతా అమృతమని చెప్పేవాళ్ళకు మన కూనూరు ఎలుకల కథ చెప్పాలనిపిస్తుంది. మన కొండమీదే, 1918లో, మెక్‌కారిసన్ అనే దొర అన్నపానాల పరిశోధన మొదలుపెట్టాడు. ఎలుకలను గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో ప్రాంతంవాళ్ళు తినే భోజనం పెట్టాడు. గోధుమ రొట్టె, పప్పు, పాలు, పెరుగు, ఆకుకూరలు తిన్న సిక్కుల గుంపు అందరికంటే ఏపుగా పెరిగింది. అట్టడుగున నిలిచింది మన మదరాసు భోజనం గుంపు: పళ్ళెం నిండా అన్నం, పాలు బహు కొంచెం, కూర ఇంకా కొంచెం. దీన్నిబట్టి రొట్టెలు తినమని కాదు. పళ్ళెంలో అన్నం పక్కన ఏమి లేదో చూచుకోవాలి. అన్నట్టు ఆ పరిశోధనాలయం 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలిపోయి, ఈనాడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. మన పెద్దలు అటునుంచి ఇటు వస్తే, అది ఇటునుంచి అటు పోయింది.

ఇంతవరకూ నాకు అనుకూలమైన సగం. రెండో సగం మధురలో తెలిసింది.

క్రిందటేడు తెప్పోత్సవానికి మా వదినగారింటికి వెళ్ళాం. వాళ్ళ ఇల్లు వండియూరు తెప్పకుళానికి దగ్గర. 1645లో తిరుమల నాయకుడు త్రవ్వించిన ఆ కోనేరు ఒక్కొక్క వైపు వెయ్యి అడుగులకు దగ్గరగా ఉంటుంది. చుట్టూ ఒకసారి తిరిగితే ముప్పావు మైలు. ఒకప్పుడు ఎండిపోయి పిల్లలు లోపల క్రికెట్టు ఆడుకొనేవారు, ఇప్పుడు నీళ్ళున్నాయి. మా వదిన, అరవై నాలుగేళ్ళ మనిషి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి రోజూ నాలుగు చుట్లు తిరుగుతుంది. ప్రొద్దున చెల్లెల్ని వెంటబెట్టుకొని వెళ్ళింది. నేను ఎదురువైపు నుంచి నా వేగాన నేను నడుస్తున్నాను. రెండో చుట్టులో చూస్తే నా భార్య మెట్ల మీద కూర్చొని ఉంది, ముఖం పాలిపోయి, చెమటలు కారుతూ.

"ఏమయ్యా మరిదీ, నాలుగేళ్ళనుంచీ నడుస్తున్నావు గదా, దీన్ని ఎన్నిసార్లు పిలుచుకుపోయినావు?" అన్నది వదిన.

"ఇంటిపని ఉంటుంది గదా వదినా. తను రోజంతా నడుస్తూనే ఉంటుంది."

"నడవదు, నిలబడుతుంది. పొయ్యి దగ్గర నాలుగడుగులు, తొట్టి దగ్గర నాలుగడుగులు. ఊపిరి ఎగసేటట్టు ఎన్నడైనా నడిచిందా? అడుగు."

అడగలేదు. అడగవలసిన అవసరం లేకుండానే అంతా కళ్ళకు కట్టింది. నాలుగేళ్ళుగా నేను ఐదున్నరకు నడకకు పోవాలంటే ఆమె ఐదింటికి లేచేది. నాకు కొర్రబియ్యం, మా అమ్మకు మెత్తటి అన్నం, పిల్లలకు దోసెలు. ఒక వంట మూడు వంటలైంది. అందరం తిన్న తరువాత మిగిలినదేదో, పారేయడానికి మనసొప్పక, నిలబడే తినేది. ఒకనాడు కొర్ర అడుగంటినది, ఇంకొకనాడు నిన్నటి అన్నం. నా పథ్యం ఆమె కాళ్ళమీద నడిచింది.

ఊరికి తిరిగి రాగానే పరీక్ష చేయించాం. మూడు నెలల సగటు చూపే ఆ లెక్క ఆమెకు 8.6. ఆరున్నర దాటితేనే షుగరంటారు. ఆమెకు అది గడప దాటి ఎన్నాళ్ళైందో ఎవరికీ తెలియదు. "ఇంతకుముందు ఎప్పుడు చూపించారు?" అని డాక్టరుగారు నన్నే అడిగారు. నా దగ్గర నాలుగేళ్ళ నోటుపుస్తకం ఉంది. ఒక్క ఆదివారం తప్పలేదు. అందులో ఆమె పేరున ఒక్క అంకె లేదు. మా అబ్బాయి చిన్నవాడుగా ఉన్నప్పుడు ఎప్పుడో చూపించామని ఆమె నెమ్మదిగా చెప్పింది.

2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైచిలుకు. ఆ లెక్క పేపరులో చదివి నేను మా ఆఫీసు మిత్రులకు ఉపన్యాసం కూడా ఇచ్చి ఉన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో వంట ఒకటే. పప్పు, ఆకుకూర, పెరుగు ఎక్కువ. అన్నమో కొర్రో ఒక గరిట తక్కువ. కొర్రన్నం పిట్టలమేత అని మా అమ్మ పది రోజులు అలిగింది; ముద్దపప్పు, నెయ్యి చూచి రాజీకొచ్చింది. కూరలు తరగడం, కొర్రలు నానబెట్టడం నా వంతు. మొదటి వారం వేలు తెగింది, సొరకాయ ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉండింది. రాత్రి అందరం ఒక్కసారే కూర్చుంటాం. ఆమె కూర్చున్న తరువాతే నేను చెయ్యి కడుగుకొంటాను. ఆమె మాత్ర వేసుకొంటున్నది, నడుస్తున్నది. మొదట్లో చీర కుచ్చిళ్ళు అడ్డం వస్తున్నాయనీ, చూచేవాళ్ళు ఏమనుకొంటారోననీ నసిగింది. మా కోడలు బూట్లు కొని తెచ్చింది. చీర క్రింద బూట్లేమిటని రెండు రోజులు పెట్టెలోనే ఉంచింది, మూడో రోజు తొడుక్కొంది. ఎనిమిది నెలలకు ఆ అంకె 7.1కి వచ్చింది. నోటుపుస్తకంలో ఎడమవైపు పేజీ ఆమెది, కుడివైపు నాది.

నిన్న రేస్‌కోర్సులో రెండో చుట్టు మొదలయ్యేసరికి నా మోకాలు కాస్త పట్టినట్టయి ఒక బెంచీ మీద కూర్చొన్నాను. ఆగుతుందనుకొన్నాను. "మీరు కూర్చోండి, నేను తిరిగి వస్తా" అని చెట్ల క్రిందుగా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.