మెకానిక్ వచ్చినప్పుడు పిల్లల్ని లోపలికి పంపకండి



ఇంట్లో ఏదైనా వస్తువు చెడిపోతే మన ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. అతను వచ్చి హాల్లో స్టూలు వేసుకుని ఫ్యాన్ విప్పడం మొదలుపెడతాడు. ఎనిమిదో క్లాసు పిల్లాడు దగ్గరికి వచ్చి తొంగి చూస్తాడు. వెంటనే ఎవరో ఒకరు "ఇక్కడ నీకేం పని? లోపలికెళ్లి చదువుకో" అంటారు. వాడు లోపలికెళ్లి సైన్స్ పుస్తకం తెరుస్తాడు. అందులో కరెంటు పాఠం ఉంటుంది.

నా విన్నపం ఆ ఒక్క మాట గురించే. దయచేసి అనకండి. ఆ పదిహేను నిమిషాలు పిల్లల్ని అక్కడే ఉండనివ్వండి. వీలైతే మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఇంకో పది నిమిషాలు మీరూ పిల్లలూ కలిసి ఆ వస్తువు దగ్గర నిలబడి, ఏం చెడి ఉంటుందో ఆలోచించండి. బాగు చేసే పని మెకానిక్‌దే. ఆలోచించే పని మాత్రం మనం ఊరికే వదులుకుంటున్నాం.

సీలింగ్ ఫ్యాన్‌నే తీసుకుందాం. మెల్లగా తిరుగుతోంది. మొదటి ప్రశ్న: ఈ ఫ్యాన్ ఒక్కటేనా, ఇంట్లో ఫ్యాన్లన్నీ ఇలాగే ఉన్నాయా? అన్నీ అలాగే ఉంటే తప్పు ఫ్యాన్‌ది కాదు, వోల్టేజీ తగ్గింది. మనకు ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ ఒకేసారి నడుస్తుంటే అంతకన్నా తగ్గడం మనకు తెలిసిందే. ఒక్క ఫ్యానే అయితే రెండో ప్రశ్న: రెగ్యులేటర్ ఫుల్లులో పెట్టినా అంతేనా? అంతే అయితే మూడోది: స్విచ్ ఆపేసి, ఫ్యాన్ పూర్తిగా ఆగాక, పెద్దవాళ్లు స్టూలు ఎక్కి రెక్కను చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందా, పట్టేసినట్టుందా? పట్టేస్తే బేరింగ్ సంగతి చూడాలి. తేలిగ్గా తిరుగుతూ, స్విచ్ వేస్తే మాత్రం "మ్‌మ్" అని మూలుగుతూ కదలకపోతే అనుమానం కెపాసిటర్ మీదికి వెళ్లాలి. షాపులో కండెన్సర్ అని అడుగుతారు చూడండి, అదే. దాని మీద సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది.

అలా మూలిగే ఫ్యాన్‌ను బూజుకర్రతో తోసి తిప్పే అమ్మమ్మలు మన ఇళ్లలో ఉన్నారు. తోస్తే తిరుగుతుంది కూడా. ఎటు తోస్తే అటే తిరుగుతుంది. ఎందుకని? మన ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. అది ఒక్క చుట్టలోకే వెళ్తే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందే తప్ప గుండ్రంగా తిరగదు. అందుకే ఫ్యాన్‌లో రెండో చుట్ట ఉంటుంది. దానికి వెళ్లే కరెంటును కెపాసిటర్ కాస్త ముందుకు జరుపుతుంది. ఆ తేడా వల్లే క్షేత్రం తిరుగుతుంది, ఏ వైపు తిరగాలో కూడా నిర్ణయమవుతుంది. కెపాసిటర్ పూర్తిగా పోతే మోటారుకు దిక్కు తెలియదు, మొదలయ్యే బలమూ ఉండదు. కర్రతో తోసినప్పుడు ఆ రెండూ మనం ఇచ్చాం. (ఈ పరీక్ష పిల్లలతో చేయించకండి. మూలుగుతున్న ఫ్యాన్‌ను అలాగే వదిలేయకండి, మోటారు వేడెక్కి కాలిపోతుంది.)

ఇంటర్ సెకండియర్‌లో కెపాసిటన్స్ లెక్కలు మన పిల్లలు బాగా చేస్తారు. అదే పిల్లల్ని నెత్తి మీద తిరిగే ఫ్యాన్‌లో కెపాసిటర్ ఎందుకుందని అడిగితే చాలామంది తల ఎత్తి ఫ్యాన్ వైపు చూస్తారు, ఇన్నాళ్లూ అది అక్కడ ఉన్న సంగతి ఇప్పుడే తెలిసినట్టు. తప్పు వాళ్లది కాదు. చూసే అవకాశం వచ్చిన ప్రతిసారీ మనం లోపలికి పంపాం.

ఫ్యాన్ విషయంలో చేసిన పనినే గమనించండి. పెద్ద ప్రశ్న ముందు, చిన్నది తర్వాత. ప్రతి జవాబుతో అనుమానితుల జాబితా సగం తగ్గుతూ వచ్చింది. విప్పకుండా చూడగలిగినవన్నీ చూశాకే విప్పడం. మిక్సీ చట్నీ మధ్యలో ఆగిందంటే ముందు ఆ ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడాలి. కరెంటు వస్తుంటే మిక్సీ ప్లగ్ తీసి, తలకిందులు చేసి అడుగున ఎర్ర బటన్ ఉందేమో చూడాలి. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా అది తనంతట తాను తన్నుకుంటుంది. కాసేపు చల్లారనిచ్చి, జార్‌లో సరుకు తగ్గించి, బటన్ నొక్కితే చాలాసార్లు పని అయిపోతుంది. దానికి మెకానిక్ విజిటింగ్ ఛార్జీ ఇచ్చిన ఇళ్లు ఎన్నో! మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే మాత్రం కింద కప్లర్ అరిగింది.

టీవీ రిమోట్ పనిచేయకపోతే దాని ముందు భాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కమనండి. మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు స్క్రీన్ మీద మిణుకుమంటుంది. వెలిగితే రిమోట్ తన పని తాను చేస్తోందన్నమాట, ఇక చూడాల్సింది టీవీని. వెలగకపోతే ముందు బ్యాటరీలు మార్చండి. ఫ్రిజ్ చల్లదనం తగ్గితే పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. జారి వచ్చేస్తే రబ్బరు బిగువు తగ్గింది. ఐదో క్లాసు పిల్లలు కూడా చేయగల పరీక్షలు ఇవి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ ఆలస్యంగా వేడెక్కుతుంటే ఎలిమెంట్ చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుందేమో అనుకోవచ్చు. అది విప్పే పని మాత్రం మనది కాదు.

ఇంకో నియమం ఉంది, అన్నిటికన్నా కష్టమైనది. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెగ్యులేటర్, కెపాసిటర్, స్విచ్ మూడూ ఒకేసారి మార్చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది. చెడింది ఏదో మాత్రం ఎప్పటికీ తెలియదు, మూడింటి డబ్బూ పోతుంది. పిల్లల మార్కులు తగ్గినప్పుడు మనం చేసేదీ ఇదే కదా? ట్యూషన్ మార్చి, ఫోన్ లాక్కుని, ఆటలు మాన్పించి, పొద్దున నాలుగింటికి లేపి, ఇవన్నీ ఒకే వారంలో. తర్వాతి టెస్టులో మార్కులు పెరిగినా, తగ్గినా, ఎందుకో చెప్పగలిగినవాళ్లు ఉండరు.

ఇక భయం సంగతి. కరెంటు దగ్గరికి పిల్లల్ని పంపమంటారా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఆ భయం సరైనదే, దాన్ని తగ్గించమని నేను చెప్పను. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ చదువులో భాగమే. మా క్లాసులో పిల్లలకు చెప్పే గీత ఒకటి: ప్లగ్ తీసి కంటికి కనపడేలా పక్కన పెట్టాకే వస్తువును ముట్టుకోవాలి, స్క్రూ విప్పాల్సిన చోట మన పని అయిపోయింది. మైక్రోవేవ్ ఓవెన్‌ను అయితే పెద్దవాళ్లూ విప్పకూడదు. అందులోని కెపాసిటర్ వేల వోల్టుల్లో పనిచేస్తుంది, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ప్రాణం తీసేంత ఛార్జ్ మిగిలి ఉండవచ్చు. స్నానాల గదిలో కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటే "కొంచెమేలే" అనకండి. బోర్డు దగ్గర గీజర్ ఎంసీబీ దించేసి, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసేదాకా ఆ గీజర్ వాడొద్దు.

చాలామంది ఎంసీబీ ఉంది కాబట్టి షాక్ కొట్టదనుకుంటారు. ఎంసీబీ లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది. మనిషి గుండా వెళ్లే కరెంటు దాన్ని పడేసేంత ఉండదు, ప్రాణం తీయడానికి మాత్రం సరిపోతుంది. షాక్ నుంచి కాపాడడానికి ఉండేది ఆర్‌సీసీబీ. ఇళ్లలో పెట్టేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి తెగిపోయే రకం. దాని మీద "టి" అనే అక్షరంతో చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ఈ రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని మీ మెయిన్ బోర్డు తెరిచి చూడండి. ఉంటే ఆ బటన్ నొక్కండి, కరెంటు పోవాలి. పోకపోయినా, అసలు ఆర్‌సీసీబీయే లేకపోయినా, ఈ నెల మీ ఇంటికి కావాల్సిన మొదటి రిపేరు అదే.

చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్న విషయం ఇంకొకటుంది. "సరిగ్గా చదవకపోతే రేపు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి." మెకానిక్ పక్కన ఉండగానే ఈ మాట అనేవాళ్లున్నారు. అతను వింటాడు, పిల్లలూ వింటారు. అతని నైపుణ్యానికి డబ్బు ఇస్తూనే దానికి విలువ లేదని పిల్లలకు చెబుతున్నాం. ఆ మాట విన్న పిల్లలు స్క్రూడ్రైవర్ ముట్టుకోరు. రేపు ఇంజనీరింగ్‌లో చేరాక ల్యాబ్‌లో కూడా పక్కవాడు చేస్తుంటే చూసి రీడింగులు రాసుకుంటారు. "ఫ్యాన్‌వాడు వచ్చాడు" అనడం మానేసి "ఫ్యాన్ బాగుచేసే అంకుల్ వచ్చారు" అని మనం అంటే చాలు, పిల్లలకు విడిగా చెప్పక్కర్లేదు.

అంకుల్ పని చేస్తుంటే మీద పడి ప్రశ్నలు వేయనివ్వకండి. చూడొచ్చా అని ముందు అడిగించండి. పని అయ్యాక మంచినీళ్లో టీయో ఇచ్చి "ఏం పోయింది అంకుల్?" అని అడగమనండి. అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు. పాత పార్టు అడిగి తీసుకోండి, బిల్లు మీద ఏది మార్చారో రాయించుకోండి. వారంటీ ఉన్న వస్తువైతే మాత్రం బయటివాళ్లతో విప్పించే ముందు కార్డు చదవండి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. వారంటీ, విడిభాగాలు, సర్వీస్ సెంటర్ల వివరాలు కంపెనీలు అక్కడ పెట్టాలన్నది దాని ఉద్దేశం. పిల్లలతో వెతికించండి, ఇంగ్లిష్ చదివించినట్టూ ఉంటుంది.

టెన్త్ పిల్లలకు టైమెక్కడిదని అడుగుతారు. ఇంట్లో వస్తువులు రోజూ చెడవు. ఏడాదికి నాలుగైదు సార్లు, సారికి అరగంట.

ఫిజిక్స్ ల్యాబ్‌లో కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీ చేశాం. మీ ఇంట్లో మార్చేసిన కార్బన్ బ్రష్‌లు, అరిగిన కప్లర్లు, ఉప్పు పట్టిన ఎలిమెంట్లు, ఉబ్బిన కెపాసిటర్లు పారేయకుండా పిల్లలతో పంపండి. ఏ వస్తువుది, ఏమని మొరాయించింది, ఎలా కనిపెట్టారు అని మూడు లైన్లు రాసి అంటించమనండి. తెలుగులో రాసినా సరే. కెపాసిటర్లను మాత్రం మెకానిక్‌తో డిశ్చార్జ్ చేయించి, వైర్ల చివర్లకు టేపు చుట్టి పంపండి.