గింజలు కొని ఇంట్లోనే దంచుకోవడం మేలు

తాడిపత్రి: కాఫీ పడనిదే పొద్దు పొడవని ఇండ్లు పట్టణంలో తక్కువేమీ లేవు. అయితే తాగేది కాఫీయా, చికోరీయా అని అడిగేవారే అరుదు. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసి కలిపితే డికాక్షన్ నల్లగా, చిక్కగా కనబడుతుంది. కలపడం నేరం కాదు. కాని అందులో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, ఏది ఎంత ఉన్నదీ పొట్లంపై రాయాలని నిబంధన ఉన్నది. విడిగా తూచి ఇచ్చే పొడికి ఆ రాత ఎక్కడిది?

వేయించిన గింజలు కొంటే ఈ బెంగ ఉండదు. కాఫీ మర లేదని వెనుకాడనక్కరలేదు. మిరియాలు దంచే ఇనుప రోలు చాలు. గుప్పెడు గింజలు వేసి, ఎగిరిపడకుండా గుడ్డ అడ్డం పెట్టి, ముందు చితగ్గొట్టి తర్వాత నూరాలి. మిరపపొడి దంచిన రోలు మాత్రం వద్దు, ఆ ఘాటు కాఫీకి పడుతుంది. మిక్సీ అయితే నాలుగైదు సెకన్లకొకసారి ఆపి జారు కుదపాలి. ఏకబిగిన తిప్పితే పొడి వేడెక్కి సువాసన పోతుంది. జల్లించి, పైన మిగిలిన పలుకులు మళ్లీ దంచాలి. మరీ మైదాలా చేస్తే ఫిల్టరులో డికాక్షన్ దిగదు. బరకగా వదిలితే నీళ్ల కాఫీయే. రెండు రోజులకు సరిపడా దంచుకుంటే చాలు.

అరకు అరబికా గింజలు ఈ రాష్ట్రంలోనే పండుతున్నవి, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా పొందినవి. అంగళ్లవారు పొడితోపాటు గింజలూ తెప్పించాలి. విడిపొడి అమ్మేచోట చికోరీ పాలు తెలిపే పలక తగిలించేలా ఆహార భద్రతాధికారులు చూడవలసి ఉన్నది.