మనాదికి మందుచీటీ ఒక్కటే చాలదు

గోదావరి జిల్లాల్లో మనాది అనే మాట ఇంకా బతికే ఉంది. "మనిషి పోయినప్పటి నుంచీ మనాది పట్టుకుంది" అంటారు. మంచి మాట అది. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతుంది. ఆమే ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి వెళ్ళేసరికి అది 'నరాల బలహీనత' అవుతుంది. ఒక బి-కాంప్లెక్స్ సూది, నాలుగు నిద్రమాత్రలు రాసిస్తారు. కారణం వాకిట్లోనే ఉండిపోతుంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు, వాళ్ళ శవాలూ దొరకలేదు. శవం లేని చావుకు దినం ఎప్పుడు చెయ్యాలి? బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? ఏడేళ్ళు జాడ తెలియకపోతేనే మనిషి చనిపోయినట్టు భావించమంటుంది సాక్ష్య చట్టం. పెద్ద విపత్తుల్లో ప్రభుత్వాలు ప్రత్యేక ఉత్తర్వులిచ్చి ఈ గడువును సడలించిన సందర్భాలున్నాయి. మామూలు రోజున ఒక్క పడవ, ఇద్దరు మనుషులు గల్లంతైతే ఆ ఉత్తర్వు ఎవరిస్తారు? మరణ ధృవపత్రం లేక పెన్షన్ రాని, పడవ మీద అప్పు మాత్రం తన పేరుకు మారిన స్త్రీకి నిద్ర పట్టడం లేదంటే, దాన్ని ఏ బలహీనత అనాలి? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైందీ ఆ 1996లోనే. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు.

సముద్రం వదిలి పొలాల్లోకి వచ్చినా కాగితం గొడవ తప్పదు. డెల్టాలో సాగు చాలావరకు కౌలుదార్లదే, కౌలు చాలావరకు నోటిమాటే. 2019 నాటి పంట సాగుదారుల చట్టం కౌలు కార్డుకు భూయజమాని సంతకం అడిగింది. ఆ సంతకం పెట్టే యజమానులు ఎందరు? కార్డు లేని కౌలురైతు పురుగుమందు తాగితే, అతను రైతేనని రుజువు చేసుకునే భారం భార్య మీద పడుతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధర గురించి పెద్ద చర్చ జరిగింది. ఊడ్పుల పని పోయిన దళిత కూలి స్త్రీల ఇళ్ళలో ఆ నెలలు ఎలా గడిచాయన్నది అందులో ఓ పక్కమాట మాత్రమే.

భూమి ఉన్న కుటుంబాల స్త్రీలు సుఖంగా ఉన్నారని కాదు. డబ్బుంటే రాజమండ్రిలో ప్రైవేటు డాక్టరు దొరుకుతాడు. కానీ కూతురి పెళ్ళి చెడుతుందని ఆ మందుచీటీ బీరువాలో దాక్కుంటుంది. ఇక కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి, పిల్లల్ని తల్లికి వదిలిన ఆడమనిషి తిరిగొచ్చాక ఊరు అడిగే మొదటి ప్రశ్న ఆమె ఎంత తెచ్చిందని. రెండో ప్రశ్న ఆమె నడవడి గురించి.

చట్టం కొంత కదిలింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని దాని 115వ సెక్షన్ చెబుతోంది. చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యతేనని కూడా అంటుంది. పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ 2024 జూలై 1న ఆ స్మృతితోపాటే పోయింది. అయినా "పొరపాటున తాగింది" అనే అబద్ధం ఆసుపత్రుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. కేసు భయం అంతగా పాతుకుపోయింది. ఇంకోటి. మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేదని అర్థం కాదని ఇదే చట్టం అంటుంది. హిందూ వివాహ చట్టంలోని విడాకుల సెక్షన్ చూపి 'పిచ్చిది' అని పుట్టింటికి పంపే భర్తలకు ఈ సంగతి మనమే చెప్పాలి.

2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు తెలుగులోనూ మాట్లాడొచ్చు. మంచిదే. కానీ సొంత ఫోను లేని, ఉన్నా అత్తగారి ఎదుటే మాట్లాడాల్సిన స్త్రీకి ఆ నంబరు ఎంత దూరం? మన సంఘాల గదుల్లో వారానికి ఒక పూట ఒక ఫోను, ఒక తలుపు ఆమెకు కేటాయించగలం. ఆ పూటే మరణ ధృవపత్రం అర్జీ, కౌలు కార్డు అర్జీ కూడా అక్కడే రాయించాలి. మనాది విన్నవాళ్ళే ఆ అర్జీ పట్టుకుని ఆమెతో తాసీల్దారు ఆఫీసుకీ వెళ్ళాలి.