బ్రేకులు మనమే మార్చినంక బండి వణికితే

ఫోన్ల వీడియోలు చూసి కారు బ్రేక్ ప్యాడ్లు ఇంటికాడనే మార్చుకునుడు మన మహల్లాలల్ల మామూలైంది. నల్లగొండల, జడ్చర్లల, మహబూబ్‌నగర్‌ల జుమ్మా నమాజ్ అయినంక మస్జిద్ బయట జెరసేపు నిలబడితే నౌజవాన్ల ముచ్చట్లల్ల ఇది గూడ వినబడతది. దీని మీద నాకేం ఏతరాజ్ లేదు. చేతిల హునర్ ఉండుడు మంచిదే, నాలుగు పైసలు మిగిలితే ఇంకా మంచిది. నా ఫికర్ అంతా ఆ తర్వాత జరిగేదాని మీద. ప్యాడ్లు మార్చిన కొన్నాళ్లకు బ్రేక్ తొక్కంగనే స్టీరింగ్ గజగజ వణుకతది. అప్పుడు మనోడు రెండిట్ల ఒకటి చేస్తడు. షరంతోని ఎవరికీ చెప్పకుండ అట్లనే నడుపుతడు. లేకుంటే "డిస్కు బెండయింది" అని తనే ఫైసలా చేసి కొత్త డిస్కులు కొంటడు.

షరంతోని నడిపే ఆ బండిల వాడొక్కడే ఉండడు గద. ముందల అబ్బా కూసుంటడు, వెనక అమ్మీ, బీవీ, ఒళ్లె పిల్లలు. ఆదివారం జహంగీర్ పీర్ దర్గాకు పోతరు. 2016ల జిల్లాలు విడగొట్టినంక ఆ దర్గా రంగారెడ్డిలకు పోయింది గని పాలమూరోళ్లకు అది ఇప్పటికీ మనదే. పోవుడు 44వ నంబర్ జాతీయ రహదారి మీద, లారీల నడుమ. నల్లగొండోళ్లు జాన్‌పహాడ్ ఉర్సుకు పోయినా హాలత్ అంతే. ఇగ డ్యాం చూద్దామని అచ్చంపేట, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగేటోళ్ల సంగతి చెప్పనే వద్దు. ఈగలపెంట దగ్గర కృష్ణ దిక్కు దిగే మలుపులల్ల బ్రేక్ మీదికెళ్లి కాలు తీసే మౌఖా ఉండదు.

కొన్ని నిశానీలు కనబడితే తహకీక్ మొదలు పెట్టనే వద్దు, బండి ఆపాలె. పెడల్ మెత్తగ లోపలికి దిగుడు, చక్రం దగ్గర ఆయిల్ తడి, బ్రేక్ తొక్కితే బండి ఒక దిక్కు గుంజుడు, చక్రంల టక్ టక్ చప్పుడు. చప్పుడు వస్తే ముందు నట్లు చూడాలె. చక్రం విప్పి బిగించినంక యాభై, వంద కిలోమీటర్లు నడిపి మళ్లొక్కసారి నట్లు చూసుకోవాల్నని మన దగ్గర ఎంతమంది యాద్ పెట్టుకుంటరు?

ఇవేవీ లేవు, ఉత్త వణుకే ఉన్నదంటే అసలు సవాల్ ఒక్కటే: ఎప్పుడు వణుకుతున్నది? బ్రేక్ తొక్కినప్పుడే అయితే మర్జ్ బ్రేకులల్ల ఉన్నట్టే. స్టీరింగ్‌ల తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే ఎక్కువసార్లు వెనకవి. బ్రేక్ ముట్టకుండనే ఎనబై, తొంబై స్పీడ్ల వణికితే ప్యాడ్ల మీద ఇల్జామ్ పెట్టొద్దు. చక్రం తీసి పెట్టినప్పుడు బ్యాలెన్సింగ్ సీసం ముక్క ఊడి ఉండొచ్చు, రిమ్ము లోపల మట్టి పట్టి ఉండొచ్చు, చక్రం హబ్ మీద సాఫ్‌గ కూసోక పోవచ్చు. ఎక్సలేటర్ తొక్కినప్పుడే వణికితే డ్రైవ్ షాఫ్టు దిక్కు చూడాలె. ఇంకొకటి గూడ ఉన్నది. కంకర మీద గట్టిగ తొక్కితే కాలు కింద పెడల్ టకటక కొట్టుకుంటది, అది ఏబీఎస్ తన పని తాను చేసుడు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు అది లాజిమ్ చేసిన్రు. దానికి భయపడి కాలు తీస్తెనే ఖత్రా.

బ్రేక్ తొక్కితేనే వచ్చే వణుకు సంగతి జెర ఇత్మినాన్‌గ మాట్లాడుకోవాలె. "బెండయింది" అనే మాట మనకు బాగ అలవాటు గని, ఎక్కువసార్లు డిస్కు వంగి ఉండదు. డిస్కు పోయి కూసునే హబ్ మొఖం మీద జంగు ఉంటది. వానలల్ల తడిసి, ఎర్రమట్టి పట్టి, నెలల కొద్దీ ఇంటి ముందర నిలబడ్డ బండికైతే మరీ. ఆ జంగు మీదనే డిస్కు పెట్టి నట్లు బిగిస్తే డిస్కు ఒకదిక్కు ఇంతంత వాలుతది. ఎంతనంటే, జిరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటర్. హబ్ అంచుల అండ్ల సగం మందం జంగున్నా, డిస్కు అంచుకొచ్చేసరికి ఊగుడు దాదాపు రెట్టింపు అయితది. చాలా కంపెనీల మాన్యువల్లు ఒప్పుకునేదే 0.1, కొన్నయితే అంతకన్న తక్కువ.

అసలు తమాషా ఇక్కడున్నది. అంత చిన్న ఊగుడు మొదటి రోజు కాలికి తెల్వది. చక్రం తిరిగినప్పుడల్లా డిస్కు ఒక్క తావునే ప్యాడ్‌కు రాసుకుంటది, బ్రేక్ తొక్కకున్నా సరే. వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ తావున అరిగి సన్నమయితది. అప్పుడు తొక్కితే వణుకు. మనోడేమో "ప్యాడ్లు నేను మంచిగనే ఏసిన, మూడు నెలలు బ్రహ్మాండంగ నడిచింది, డిస్కే ఖరాబ్" అని కొత్త డిస్కులు తెచ్చి మళ్ల అదే జంగు మీద బిగిస్తడు. ఇంకో మూడు నెలలకు అదే కహానీ. వైర్ బ్రష్షుతోని హబ్ మొఖం మెరిసేదాక రుద్దే పది నిమిషాల మెహనత్‌కు బదులు వేల రూపాయల ఖర్చు.

మొదటి రోజు నుంచే వణుకుతున్నదంటే కథ వేరే. నట్లు ఒక దిక్కునుంచి వరుసగ బిగించిన్రా, ఎదురెదురుగ బిగించిన్రా? స్పానర్ మీద ఎక్కి తొక్కిన్రా, మాన్యువల్ల చెప్పిన లెక్క ప్రకారం బిగించిన్రా? మన చిన్న కార్లకు అది ఎక్కువగ 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల నడుమ ఉంటది. కాలిపర్ పిన్నులు చేత్తోని జరుగుతున్నయా, వాటికి రాసింది బ్రేకులకని అమ్మే గ్రీజేనా? మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను పట్టేస్తది. పది కిలోమీటర్లు నడిపినంక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడుర్రి, రిమ్ము ముట్టొద్దు. ఒక్కటే చక్రం సెగలు కక్కుతుంటే ఆ కాలిపర్ ఇడుస్తలేదన్నట్టు. ఘాట్ దిగినంక వేడి డిస్కుల మీద అట్లనే బ్రేక్ తొక్కి పట్టుకొని నిలబడితే గూడ ప్యాడ్ మసాలా ఒక్క తావున అంటుకొని వణుకు పుడతది.

ఇక ఉస్తాద్ దగ్గరికి పోవుడు. మన బిరాదరీల బండ్లు బాగు చేసుకొని బతికేటోళ్లు తక్కువేం లేరు. చదువు మధ్యల ఆగిపోయి షెడ్డుల చేరిన పిల్లగాడు, ఇరవై ఏండ్లు నూనెల చేతులు నానబెట్టి ఉస్తాద్ అయితడు. అట్లాంటాయన దగ్గరికి పోయి మనం సగమే చెప్తం. "ఏం చెయ్యలే భాయ్, దానంతటదే వణుకుతున్నది" అంటం. ప్యాడ్లు మనమే ఇప్పినమని చెప్పనీకి ఇజ్జత్ అడ్డమొస్తది. ఆయన చీకట్ల వెతకాలె. డయల్ గేజి పెట్టి, చక్రాలు తీసి, గంట సేపు చూసి "డిస్కు సహీ ఉన్నది, జంగు తీసిన" అంటే "గింత దానికి పైసలా?" అని ముఖం చిట్లిస్తం. అదే ఆయన రెండు కొత్త డిస్కులు ఏసి బిల్లు ఇస్తే మారు మాట్లాడకుండ ఇస్తం. సామాను అమ్మితేనే ఆయన ఇంట్ల పొయ్యి వెలిగేటట్టు చేసింది మనమే. మళ్ల మెకానిక్‌లందరు దగాబాజులని చాయ్ హోటళ్ల కూసొని అనేది గూడ మనమే. డాక్టర్ నాడి చూసి మందు రాయకపోయినా ఫీజు ఇస్తం గద, ఉస్తాద్ నజర్‌కు, తజుర్బాకు ఎందుకియ్యం?

నేననేది, చూసినందుకు ఎంతో ముందే అడిగి, అది పక్కకు పెట్టి, అప్పుడు బండి అప్పజెప్పాలె. ఏ రోజు ఇప్పినం, ఏం కొన్నం, ఎన్ని కిలోమీటర్లకు వణుకు మొదలైంది, ఏ స్పీడ్ల, స్టీరింగ్‌ల్నా సీట్లనా, ఇవన్నీ దాచకుండ చెప్పాలె. డిస్కు మార్చాలన్నడనుకో, మందం కొలిచి చూపియ్యమనాలె. ఇంతకన్న సన్నగ కావొద్దనే అంకె ఎక్కువగ డిస్కు మీదనే అచ్చు పోసి ఉంటది. దానికన్న దిగితే లేత్ మీద పెట్టిచ్చుడు గూడ వద్దు, కొత్తదే ఎయ్యాలె. దిగకుంటే హబ్ సాఫ్ చేసి, అదే డిస్కు మళ్ల ఎక్కించి, గేజి పెట్టి చూపియ్యమని అడుగుర్రి.