సత్యవేడు రాయి, ఎగ్మూరు గోడ

చిన్నప్పుడు తిరుత్తణిలో రైలెక్కి, మద్రాసు సెంట్రల్‌లో దిగి, మా నాన్న నన్ను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లేవారు. అమరావతి శిల్పాల ముందు ఆగి "ఇవి మనవేరా" అనేవారు. ఆ ఆవరణలోనే ఉన్న ఎర్రరాతి భవనం ముందు మాత్రం ఆ మాట అనలేదు. ఆ రాయి కూడా మన పక్కూరిదేనని ఆయనకు తెలియదు. నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది.

అది నేషనల్ ఆర్ట్ గ్యాలరీ. పాతపేరు విక్టోరియా మెమోరియల్ హాల్. 1906లో శంకుస్థాపన చేసి, 1909లో తెరిచారు. ఫతేపూర్ సిక్రీలోని బులంద్ దర్వాజా తలపులో పెట్టుకుని హెన్రీ ఇర్విన్ నమూనా గీశాడు. కట్టింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి, మద్రాసు హైకోర్టు కట్టిన కాంట్రాక్టరే. రాయి సత్యవేడు ఇసుకరాయి. 1951 నుంచి చిత్రశాల అయింది. రవివర్మ చిత్రాలు అక్కడ చూసినవాళ్లకు ఆ హాలు వెలుతురు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

1960 ఏప్రిల్ 1న మా తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సత్యవేడు చెంగల్పట్టు జిల్లాను వదిలి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. మనుషులకు, పొలాలకు రాష్ట్రం మారింది. గోడకెక్కిన రాయి ఉన్నచోటే ఉంది.

ఆ భవనం బలహీనపడి ఏళ్ల తరబడి మూతపడింది. తర్వాత తమిళనాడు ప్రభుత్వం కోట్లు కేటాయించి పునరుద్ధరణకు పూనుకుంది. బడికి, ఆసుపత్రికి చాలని డబ్బు పాత గోడలకెందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయినా ఆ ఖర్చు సరైనదనే నా నమ్మకం. ప్రజల సొమ్ముతో కొన్న బొమ్మల్ని ప్రజలకు చూపించలేకపోవడం అంతకన్నా పెద్ద నష్టం.

నా పట్టుదల పని ఎలా చేయాలన్న దాని మీద. ఇసుకరాయి వాన నీటిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సందుల్లో సిమెంటు కూరితే ఆ తేమకు దారి మూసుకుపోతుంది. లోపలి ఉప్పు రాతి పైపొర కింద గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది. అదే గానుగ సున్నమైతే తేమను బయటికి పోనిస్తుంది. మా తాతల కాలంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి రోజుల తరబడి నూరి, వేళ్లతో నలిపి చూసి గానీ గోడకు పూసేవారు కాదు. ఆ చెయ్యి తిరిగిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. ఇలాంటి పని మొదలైన ప్రతిచోటా తిరువళ్ళూరు, సత్యవేడు పల్లెల కుర్రాళ్లను నలుగురైదుగురిని పక్కన పెట్టి నేర్పించాలి. అది టెండరులోనే రాయాలి. లేకపోతే మళ్లీ యాభై ఏళ్లకు ఆ గోడ పగిలితే పిలవడానికి ఎవరుంటారు?

ఇంకొక్కటి. గుమ్మం పక్కన ఒక పలక పెట్టాలి. ఇర్విన్ పేరు, చెట్టి పేరు, వాటి కింద సత్యవేడు పేరు. తమిళం, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ. తిరుత్తణి నుంచి రైల్లో వచ్చిన ఏ తండ్రయినా ఆ గోడ మీద పిల్లవాడి చెయ్యి ఆనించి, అక్షరం అక్షరం చదివించడానికి.

— ఒక తిరుత్తణివాసి