డిస్కు ఉంది, దొరకలేదట!

చిన్న ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో కొత్త కంప్యూటర్ల పక్కన ఓ పాత డబ్బా ఇంకా కనిపిస్తుంటుంది. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటాయి. ఇరవయ్యేళ్ల కిందట కంపోజ్ చేసిన శతకాలు, కథల సంపుటాలు, గుడి స్థలపురాణాలు అన్నీ దాని కడుపులోనే. ఆ ఫాంట్లు లేని కొత్త సిస్టమ్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలూ ఏవేవో గుర్తులూ బారులు తీరతాయి. రెండో ముద్రణ వేద్దామని రచయిత వచ్చిన రోజునే డబ్బా మొరాయిస్తుంది. వయసు అలాంటిది మరి. ఎక్స్‌పీ అమ్మకానికి వచ్చింది 2001 అక్టోబరులో. మైక్రోసాఫ్ట్ దాని బాగోగులు చూడటం మానేసింది 2014 ఏప్రిల్ 8న.

రిపేరు కుర్రాడు సీడీ పట్టుకొని వచ్చి ‘ఓఎస్ మళ్లీ వేసేద్దాం సార్’ అంటాడు. అన్నంత తేలిక కాదది. మధ్యలో ఎప్పుడో మదర్‌బోర్డు పోయి కాస్త కొత్తది వేయించి ఉంటే, నీలి తెర మీద నాలుగు ముక్కలు నడిచాక ‘ఈ కంప్యూటర్లో హార్డ్‌డిస్కే లేదు’ అని సెటప్ తేల్చేస్తుంది. చెవి ఆనిస్తే లోపల డిస్కు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది! తలనొప్పి అని వచ్చినవాడికి లోపం కంటిచూపులో ఉన్నట్టు, ఇక్కడ లోపం డిస్కులో లేదు. ఏహెచ్‌సీఐ పద్ధతిలో నడిచే డిస్కుతో మాట్లాడే డ్రైవరు ఎక్స్‌పీ సీడీలో లేదు. దాన్ని ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి ఇవ్వమంటుంది సెటప్. ఇప్పుడు ఫ్లాపీ ఎక్కడ తెస్తాం? బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్‌ను ఐడీఈకి మారిస్తే, చాలా బోర్డుల్లో మాయమైన డిస్కు ఎదుట నిలుస్తుంది. 7బీతో ముగిసే ఎర్రర్ కోడ్‌తో వచ్చే బ్లూ స్క్రీన్‌కూ చాలాసార్లు ఇదే మందు.

ఇంకో మొండి ఫిర్యాదు ‘ఫలానా ఫైలు కాపీ కాలేదు’ అన్నది. సీడీ మీద గీతలు పడ్డాయనుకుంటాం. పడే ఉండొచ్చు. కానీ చేయి తిరిగినవాడు ముందు ర్యామ్ ఊడదీస్తాడు. బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊది, క్లిప్పులు టక్కుమనేలా మళ్లీ బిగిస్తాడు. ఏ మాన్యువల్ చెప్పినా చెప్పకపోయినా మన బజార్లలో బతికి ఉన్న విద్య ఇది. ఆ తర్వాత కాపీ సాఫీగా సాగిపోవడం చాలామంది చూసిందే. ‘ఇంకా 34 నిమిషాలు’ దగ్గర బిగుసుకుపోతే అదనపు కార్డులు, ప్రింటరు తీగ పీకి చూడాలి. ఆ నిమిషాలకూ గోడ గడియారానికీ ఎన్నడూ పొత్తు కుదరలేదు, అది వేరే సంగతి.

అసలు భయపడాల్సింది ఎర్రర్ రాని చోట. పార్టిషన్ల తెర మీద డి నొక్కి, ఎంటర్ కొట్టి, ఎల్ నొక్కితే యంత్రం కిక్కురుమనకుండా ఆ పార్టిషన్‌ను ఫైళ్లతో సహా చెరిపేస్తుంది. అంతకుముందే డిస్కు విప్పి మరో సిస్టమ్‌కు తగిలించి ఫైళ్లు తీసిపెట్టుకున్నవాడికి నష్టం లేదు. డెస్క్‌టాప్ మీదా మై డాక్యుమెంట్స్‌లోనూ పెట్టినవి సీ డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

ఎక్స్‌పీ లేచి కూర్చున్నాక నెట్ తగిలించకపోవడం మంచిది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు, ప్యాచ్ వేయని ఎక్స్‌పీల్లోకి ఎవరూ ఏదీ నొక్కకుండానే దూరిపోయింది. ఎలాగూ నేటి వెబ్‌సైట్లు చాలావరకు ఆ పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరుచుకోవు.

చిత్రమేమిటంటే, యూనికోడ్ తెలుగు ఆ ఎక్స్‌పీలోనే ఉంది, గౌతమి అనే ఫాంటుతో సహా. రీజినల్ సెట్టింగ్స్‌లో ఓ గడిలో టిక్కు పెట్టి, అడిగినప్పుడు సీడీ మళ్లీ ఇస్తే చాలు. పేజ్‌మేకర్‌కే యూనికోడ్ రాదు. 2001లో వచ్చిన ఏడో వెర్షనే దానికి ఆఖరిది. అందుకే మన అచ్చు పని అంతా ఇంగ్లిషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు పెట్టుకొని ఏళ్లకేళ్లు సాగింది. కన్వర్టర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. పాత డబ్బా నడుస్తున్నన్ని రోజుల్లో ఒక్కో పుస్తకాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చి యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. వత్తులు అక్కడక్కడా జారతాయి, పద్యాల పాదాలు విరుగుతాయి. పాత ముద్రణ ప్రతి పక్కన పెట్టుకొని ప్రూఫు మొదటి పేజీ నుంచీ చూడాల్సిందే.